గోపురం మీంచి చెప్పగలిగేదెంత?

రామానుజుల కథలో అందరికీ నచ్చే ఘట్టం ఆయన గోపురం ఎక్కడం. తిరుక్కోట్టియూరులో గోష్ఠీపూర్ణుల దగ్గర అష్టాక్షరి ఉపదేశం పొందాడు. రహస్యంగా ఉంచుకోమన్న గురువాజ్ఞను దాటి గుడి గోపురమెక్కి ఊరందరికీ వినిపించాడు. తాను నరకానికి పోయినా ఇంతమంది తరిస్తే చాలనుకున్నాడు. చిన్నప్పుడు మా నాయన ఈ కథ చెబుతుంటే ఒళ్లు గగుర్పొడిచేది. నేను బడిపంతులమ్మనయ్యాక మాత్రం అంతకుముందు జరిగిందే ఎక్కువ గుర్తొచ్చేది. ఆ మంత్రం కోసం ఆయన శ్రీరంగం నుంచి గురువు దగ్గరికి పద్దెనిమిది సార్లు నడిచాడని సంప్రదాయం చెబుతుంది. ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి వెనక్కి పంపారు. చివరికి గానీ మంత్రం చెవిన పడలేదు. గోపురం కింద నిలబడ్డవాళ్లకు అదే మంత్రం ఒక్క కేకలో అందింది.

అక్షరాలు ఎనిమిదే, వాటిలో మార్పేమీ లేదు. అయినా అన్నిసార్లు నడిచినవాడికి అందిందీ, సంతకు పోతూ ఆగి విన్నవాడికి అందిందీ ఒకటేనా?

ఇది వేదాంతుల ప్రశ్నలా వినిపించవచ్చు. ప్రాథమిక బడుల్లోనే సర్వీసంతా గడిపిన నాకు మాత్రం చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుకు వెళ్లినప్పుడల్లా ఎదురైన ప్రశ్న ఇదే. ఒక బడిలో మూడో తరగతికొచ్చిన ప్రతి పిల్లా తడుముకోకుండా చదువుతుంది. మూడు కిలోమీటర్ల అవతల ఇంకో బడిలో ఐదో తరగతి పిల్లవాడు ఒత్తు కనిపిస్తే ఆగిపోతాడు. పాఠ్యపుస్తకాలు అవే, జీతాలు అవే, మధ్యాహ్నం అన్నం పప్పు అవే. మొదటి బడిలో ఉన్నదాన్ని రెండో బడికి ఎట్లా చేర్చాలి? చేరాక అది అక్కడ నిలిచేదెట్లా? అసలు మొదటి బడిలోనే, ఆ టీచరు బదిలీ మీద వెళ్లిపోయాక, ఏం మిగులుతుంది? పై అధికారులు దీన్ని అమలు సమస్య అంటారు. నాకిది ధర్మసందేహం. మంచిని ఆజ్ఞతో పంచవచ్చా అన్న ప్రశ్న దీని అడుగున ఉంది.

ఈ ప్రశ్నకు పంచకూడదు, పంచలేం అని గట్టిగా జవాబు చెప్పినవాడు మా మదనపల్లెలోనే పుట్టాడు. జిడ్డు కృష్ణమూర్తి. ఆయన కోసమే 1911లో పెట్టిన నక్షత్ర సంఘాన్ని 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్ శిబిరంలో, తనను పెంచిన అనిబిసెంటు ఎదుటే, వేలమంది సభ్యుల ముందు ఆయనే రద్దు చేశాడు. ఆరోజు ఒక పిట్టకథ చెప్పాడు. సైతాను, అతని స్నేహితుడు దారిన పోతున్నారు. ముందు నడుస్తున్న ఒకాయన వంగి నేలమీంచి ఏదో ఏరుకుని జేబులో వేసుకున్నాడు. ఏం దొరికిందని స్నేహితుడు అడిగితే సత్యం ముక్క ఒకటి దొరికిందన్నాడు సైతాను. అయితే నీ వ్యాపారం పాడైనట్టే కదా అంటే, ఏమీ కాదు, దాన్నొక సంస్థగా కట్టుకునేట్టు చేస్తానన్నాడట. సత్యానికి బాట లేదని, బాట వేసినవాడు జనాన్ని దానికి బానిసల్ని చేస్తాడని కృష్ణమూర్తి వాదం.

తమాషా ఏమిటంటే, బాట లేదన్న మనిషి పెట్టిన బడి ఉన్న లోయలోంచే దేశంలో చాలా బడులకు బాట పడింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో 1980ల చివరి నుంచి వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడుపుతూ ఒక పద్ధతిని తయారుచేశారు. ఒకే గది, ఒకే టీచరు, నాలుగైదు తరగతుల పిల్లలు ఉండేచోటి కోసం పుట్టిన పద్ధతి అది. చదువు మొత్తాన్ని చిన్న మెట్లుగా విడగొట్టి మెట్టుకొక కార్డు పెట్టారు. ఆ మెట్లన్నీ వరుసగా చూపించే నిచ్చెన పటం గోడమీద ఉంటుంది. కార్డు మీద ఒక బొమ్మ గుర్తు, అది ఏ రకం పనో చెబుతుంది. పిల్ల పటంలో తన మెట్టు చూసుకుని, కార్డు తానే తీసుకుని, తన గుంపులో పోయి కూర్చుంటుంది. ఒక గుంపు దగ్గర టీచరు ఉంటుంది. ఇంకో గుంపులో పైమెట్టు పిల్లలు సాయం చేస్తారు. మరో గుంపులో ఎవరి పని వారిదే. జ్వరమొచ్చి వారం రోజులు రాని పిల్ల ఆగిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. తరగతి తనను వదిలేసి వెళ్లిపోయిందన్న దిగులు ఉండదు. ఊళ్లో ముసలమ్మలు చెప్పిన కథలే అక్కడ చదువుకునే పుస్తకాలయ్యాయి.

అక్కడినుంచి అది నడిచింది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకా టీచర్లు రిషివ్యాలీని చూసి వెళ్లి, కన్నడంలో తమ కార్డులు తాము రాసుకున్నారు. నలి-కలి అని పేరు పెట్టుకున్నారు. 2009 నాటికి కర్ణాటక ప్రభుత్వ బడుల చిన్న తరగతులన్నిటికీ అది చేరింది. చెన్నైలో 2003లో కార్పొరేషన్ కమిషనర్ ఎం.పి. విజయకుమార్ చొరవతో కొన్ని బడుల్లో మొదలై, కొద్ది ఏళ్లలోనే తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ పాకింది. మన దగ్గరికి స్నేహబాల కార్డులొచ్చాయి.

మరి కృష్ణమూర్తి చెప్పింది తప్పా? ఆయన మాట్లాడింది సత్యం గురించి, గుణింతం గురించి కాదు. సత్యానికి బాట లేకపోవచ్చు గానీ ‘క’కు గుడి పెట్టడానికి ఉంది. అఆల వరుసలోనే పోతే ‘ఋ’లూ ‘ౠ’లూ దాటుకుని హల్లుల దగ్గరికొచ్చేసరికి పిల్లకు విసుగు పుడుతుంది. త, ల, వ, ప, క ముందు చెబితే తల, వల, పలక అప్పుడే చదివేస్తుంది. చదివానన్న సంతోషంతో రేపు మళ్లీ బడికొస్తుంది. ఇది తేలిన సంగతి, కాగితం మీద రాసి ఇవ్వదగ్గ సంగతి. ఒక బడిలో తేలాక పక్క బడికి చెప్పకపోవడం మంత్రాన్ని దాచుకోవడమే. ఇక్కడ రామానుజులదే న్యాయం. 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ గానీ, మరుసటి ఏడు తెలంగాణలో వచ్చిన తొలిమెట్టు గానీ, చిన్న తరగతుల్లోనే ప్రతి పిల్లా అర్థం చేసుకుని చదవాలని గోపురమెక్కి చెప్పినవే. చెప్పడం న్యాయమే.

అయితే బడిలో గోపురానికి అందనిది ఇంకొకటి ఉంటుంది. నేను చూసిందొకటి చెబుతాను.

మా పక్క ఊరి బడిలో నాకన్నా చాలా చిన్నదైన ఒక ఎస్జీటీ టీచరు ఉండేది. ఆ అమ్మాయి తరగతి బాగుంటుందని విని ఒకరోజు వెళ్లి వెనక కూర్చున్నాను. ఒకటో తరగతి పిల్లవాడు కార్డు పట్టుకొచ్చాడు. దానిమీద కుండ బొమ్మ, కింద ‘కుండ’ అన్న మాట. వాడు వేలు మాటమీదే పెట్టి, కళ్లు బొమ్మమీద ఉంచి, ‘కడవ’ అని గడగడా చదివేశాడు. మామూలుగా మనం తప్పంటాం, లేకపోతే నవ్వి మనమే సరిచేసి చెబుతాం. ఆ అమ్మాయి రెండూ చేయలేదు. అరచేత్తో బొమ్మను మూసి, ‘ఇప్పుడు చూడు నాయనా’ అంది. వాడు ఆగాడు. మొదటిసారి అక్షరాల వంక చూశాడు. పెదాలు కదిలించుకుంటూ కూడబలుక్కున్నాడు. ‘కుండ!’ అన్నాడు. వెంటనే, ‘మా యింట్లో కడవంటారు టీచర్’ అన్నాడు. ‘మా యింట్లోనూ కడవే’ అంది ఆ అమ్మాయి.

ఆ అరచెయ్యి ఏ మాడ్యూల్లోనూ లేదు. ఉంటే ఎట్లా ఉండేదో ఊహించగలను: ‘విద్యార్థి చిత్రం ఆధారంగా ఊహించి చదివినచో ఉపాధ్యాయుడు చిత్రమును కప్పవలెను.’ ఇది చదివిన టీచరు ప్రతి కార్డుకూ, ప్రతి పిల్లకూ బొమ్మ కప్పేస్తాడు. ఊహించడం కూడా చదువులో భాగమేనని, ఫలానా పిల్లవాడికి ఫలానా రోజు మాత్రమే చెయ్యి అడ్డం పెట్టాలని, ఇంటిమాటకు తలూపాకే ఆ గంట పూర్తవుతుందని ఏ వాక్యంలో రాస్తాం? నేను చూశాను కాబట్టి మా బడిలో చేశాను. నన్ను చూసిన ఇంకో టీచరు తన తరగతిలో దాన్ని మార్చింది. ‘మీరు మూస్తే వాడు మీ చేతినే చూస్తా ఉంటాడు మేడం. వాడి చేత్తో వాణ్నే మూసుకోమంటే అక్షరాలు చూసి చెప్పి, చెయ్యి తీసి సరిచూసుకోవాలని ఆత్రపడతా ఉండాడు’ అంది. నా దగ్గర నేర్చుకున్నది నాకన్నా బాగా చేసింది.

బడిలో వచ్చే మంచి మార్పులో ఈ రెండు పాళ్లూ కలిసే ఉంటాయి. అక్షరాల క్రమం, కార్డులు, నిచ్చెన, పుస్తకాల గంట బాట ఉన్న పాలు. పిల్లను చూసే చూపు బాట లేని పాలు. మొదటిది ఉత్తర్వుతో పోతుంది. రెండోది సాంగత్యంతో తప్ప పోదు. సంస్కరణలు ఆరిపోయిన ప్రతిచోటా మొదటి పాలు పంపి రెండోదీ చేరిపోయిందనుకోవడమే కనిపిస్తుంది.

ఎ.పి.పి.ఇ.పి. శిక్షణ పొందిన మా తరం టీచర్లకు ఈ మాట వివరించి చెప్పక్కర్లేదు. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో వచ్చిన ఆ ప్రాథమిక విద్యా పథకంలో ఆరు సూత్రాలుండేవి. చేస్తూ నేర్చుకోవడం, గుంపుల్లో పని, పిల్లల మధ్య తేడాలు గమనించి చెప్పడం, ఊరి పరిసరాలను వాడుకోవడం లాంటివి. ఆఖరిది పిల్లల పనిని ప్రదర్శించి గదిని అందంగా ఉంచడం. అన్నీ మంచివే, ఇప్పటికీ వాటిలో నాకు వంక కనిపించదు. నేను చూసిన బడుల్లో మాత్రం అన్నిటికన్నా వేగంగా పాకింది ఆ ఆఖరిదే. ఎందుకంటే గుమ్మంలో నిలబడ్డ అధికారికి కనిపించేది అదే. గోడలన్నీ రంగు కాగితాలయ్యాయి, తోరణాలయ్యాయి. పిల్లల మధ్య తేడాలు గమనించే సూత్రం గుమ్మంలోంచి కనిపించదు. అందుకే వెనకబడింది. ఆ తర్వాత కార్డుల కాలంలో ఒక బడికి వెళితే కార్డులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి ఉన్నాయి. పిల్లలు చింపితే స్టాక్ రిజిస్టరుకు ఎవరు జవాబు చెప్పాలన్నది అక్కడి భయం. మంత్రాన్ని రహస్యంగా ఉంచే పని ఈసారి ఆడిట్ చేసింది.

ఇదంతా విని కృష్ణమూర్తి వైపే తిరిగి, పథకాలన్నీ దండగ, ఎవరి బడి వారు చూసుకోవాలనేవాళ్లున్నారు. రెండువైపుల కథలూ పూర్తిగా తెలియకే అట్లా అంటారు. రామానుజులు గోపురం దిగి ఊరుకోలేదు. డెబ్భై నాలుగు మంది సింహాసనాధిపతులను ఏర్పరిచి, మనిషి పక్కన మనిషి కూర్చుని చెప్పుకునే ఏర్పాటు చేశాడని సంప్రదాయం. కేకతో పని అయిపోతుందనుకుంటే ఇంతమంది ఎందుకు? ఇటు కృష్ణమూర్తి సంస్థ వద్దన్నాక బడులు పెట్టాడు. 1978 నుంచి కొన్నేళ్లు ఆ బడులకు పదిహేను రోజులకొకటి చొప్పున ఉత్తరాలు రాశాడు. బాట లేదన్న మనిషి కూడా సాంగత్యం వదల్లేదు. గోపురమెక్కినాయనా, సంఘం రద్దు చేసినాయనా చివరికి చేసిన పని ఒక్కటే: టీచరు పక్కన కూర్చోవడం.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. ఇచ్చేవాడి పేరు. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదిరీ 1789లో మద్రాసులో సైనికుల అనాథ పిల్లల బడికి పెద్దగా వచ్చాడు. దారిలో ఒక వీధిబడిలో పిల్లలు ఇసకలో వేలితో అక్షరాలు దిద్దుకోవడం చూశాడు. మన గుంట ఓనమాలే. తన బడిలోనూ దాన్ని పెట్టించి, పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పే ఏర్పాటు చేశాడు. 1797లో లండన్‌లో దానిమీద పుస్తకం వేశాడు. ‘మద్రాసు పద్ధతి’ ఇంగ్లండంతా పాకింది. జోసెఫ్ లాంకాస్టర్ అనే ఇంకొకాయన అదే తరహా పద్ధతితో ముందుకొచ్చాడు. ఇది ముందు ఎవరిదన్న దానిమీద ఇద్దరి మనుషులూ ఏళ్లతరబడి కొట్లాడుకున్నారు. ఈలోగా పద్ధతి వందల మంది పిల్లల్ని వరసల్లో కూర్చోబెట్టి సైగలతో నడిపించే యంత్రమైంది. 1840లకల్లా దాని మీద మోజు తీరి, ప్రభుత్వం వేరే ఏర్పాట్లు చూసుకుంది. బెల్ సమాధి వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఉంది. ఇసకలో దిద్దించిన అయ్యవారి పేరు ఎవరూ రాసుకోలేదు. పద్ధతి ఎవరిదని కొట్లాడుకున్న ఇద్దరిలో ఏ ఒక్కరిదీ కాదది.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో చదువు ముగించుకుని వెళ్లే శిష్యుడికి గురువు చేసే బోధ ఉంది. నేర్చుకోవడం, నేర్పడం రెండిట్లోనూ ఏమరుపాటు కూడదంటాడు. అక్కడితో ఆగకుండా తమ నడవడిలో మంచిగా ఉన్నదాన్నే తీసుకోవాలి తప్ప తక్కినదాన్ని కాదని చెబుతాడు. దానం గురించి చెబుతూ ఇచ్చే చేతికి శ్రద్ధతో పాటు సిగ్గూ బెరుకూ ఉండాలంటాడు. నన్ను చూసి మొత్తంగా నాలాగే చెయ్యి అనని గురువు అతను. ఏరుకునే అధికారం శిష్యుడి చేతిలో పెట్టి పంపిస్తున్నాడు. మన మోడల్ స్కూళ్లలో లేనిది ఈ సిగ్గే. బడికి పేరు రాగానే బ్యానర్ కడతాం. బస్సుల్లో టీచర్లను తెచ్చి చూపిస్తాం. పిల్లలు వచ్చినవాళ్ల ముందు నిన్న చదివిన పేజీనే మళ్లీ చదువుతారు. చూసి వెళ్లినవాళ్లకు గోడలు గుర్తుంటాయి, లోపల ఈర్ష్య మిగులుతుంది. ‘వాళ్లకేమప్పా, ఇద్దరు టీచర్లు ఎక్కువ’ అనుకుంటూ బస్సెక్కుతారు. అది అబద్ధం కూడా కాదు.

నిలవడం సంగతి ఇంకా కష్టం. నేను బదిలీ అయి వచ్చేసిన ఒక బడిలో మధ్యాహ్నం మూడు గంటలకు పుస్తకాల గంట ఉండేది. తాడు మీద వేలాడదీసిన కథల పుస్తకాలు ఎవరికి నచ్చింది వారు తీసుకుని చదివేవారు. నా తర్వాత వచ్చినాయన ఆ గంట ఎత్తెయ్యలేదు. ఆ టైములో నోటుబుక్కులు దిద్దుకునేవాడు. పిల్లలు పుస్తకాలు చేత్తో పట్టుకుని కబుర్లాడేవారు. ఆత్మ పోయి తంతు మిగిలిందని నేను బాధపడ్డాను. కొన్నేళ్లకు అక్కడికి కొత్తగా ఉద్యోగమొచ్చిన అమ్మాయి చేరింది. టైంటేబుల్లో ఆ గంట ఉంది కాబట్టే అది దేనికని అడిగింది. పిల్లల మధ్య చాపమీద కూర్చుని తనూ ఒక పుస్తకం తీసింది. తంతు అంటే నాకున్న చులకన అప్పుడు పోయింది. అర్థం లేని రోజుల్లో కూడా తంతు చోటు కాపాడుతుంది. ఎవరైనా వచ్చి నింపడానికి ఆ చోటు ఉండాలి. ఉత్తర్వులు చేయగల మేలు కూడా ఇదే: చూపును పుట్టించలేవు గానీ, దానికి చోటు కాపాడగలవు.

ఇంత నిదానంగా పోతే ఇప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్ల సంగతేమిటని అడిగేవాళ్లు నిజమే అడుగుతున్నారు. ఆ పిల్ల మనకోసం ఆగదు. పద్దెనిమిది సార్లు నడిచే తీరిక ఆమెకు లేదు. అందుకే కార్డులు, పుస్తకాలు, అక్షరాల క్రమం ఈ ఏడే అన్ని బడులకూ పోవాలి. వాటితో పాటు రెండు హక్కులు కూడా పోవాలి. మొదటిది, పక్క బడి టీచరు తరగతిలో పూటంతా కూర్చునే హక్కు. అందుకు తన తరగతి చూసుకోవడానికి ఇంకొకరిని పంపే ఏర్పాటుండాలి. రెండోది, అందుకున్నదాన్ని మార్చుకునే హక్కు. ‘కుండ’ కార్డు పక్కన ‘కడవ’ కార్డు రాసి పెట్టుకున్న టీచరును నమూనా పాటించలేదని మందలించకూడదు. మార్చే హక్కు లేని టీచరు చేతిలో ఏ పద్ధతైనా బీరువాలోకే పోతుంది.

కాంప్లెక్స్ మీటింగులు ఎట్లాగూ జరుగుతున్నాయి. టీ, సమోసా, సంతకాలు, పైనుంచి వచ్చిన సర్క్యులర్ చదవడంతో పూట గడిచిపోతోంది. మండల విద్యాధికారులకు, కాంప్లెక్స్ హెడ్మాస్టర్లకు నేను చేసే విన్నపం ఒక్కటే. ఆ పూటలో సగం ఒక తరగతి గదిలో గడపండి. ఒక టీచరు, నిజమైన పిల్లలు, ముందుగా తయారు చేయని పాఠం. తక్కినవాళ్లు వెనక కూర్చుని, గోడలు చూడకుండా, ఒక్క పిల్లనే చూడాలి. బయటికొచ్చాక ఆ పిల్ల ఎక్కడ ఆగింది, ఎందుకాగింది, మన బడిలో అట్లాంటి పిల్ల ఎవరు అన్నదే మాట్లాడుకోవాలి. దీనికి నిధులక్కర్లేదు, బ్యానర్ అంతకన్నా అక్కర్లేదు. చేసి చూపించిన టీచరు పేరు కూడా మినిట్స్ బుక్కులో రాయకపోతే ఇంకా మంచిది.